వేసవి పఠనమా, వేసవి వెట్టియా?

ఏప్రిలు నాలుగవ వారమున మూతవడిన పాఠశాలలు జూను రెండవ వారమునగాని తెఱువబడవు. ఈ యేడు వారములలో 6వ తరగతి మొదలు 8వ తరగతి వఱకు గల బాలబాలికలు ఏమి చదువవలెనను ప్రశ్న మేడ్చలు, శామీరుపేట ప్రాంతములలో ఏటేట పుట్టుచున్నది. దీనికి తల్లిదండ్రులు సమాధానము చెప్పుటలేదు. ఉపాధ్యాయులు చెప్పుటలేదు. పిల్లల నడుగువారు అసలే లేరు. పుస్తకముల బేరగాండ్రు చెప్పుచున్నారు!

పెక్కు ప్రైవేటు పాఠశాలలు సెలవులకు ముందు ఒక పట్టికను పిల్లల చేత బెట్టును. అందలి పుస్తకము లించుమించుగా అన్నియు ఆంగ్లములోనివే. ప్రతి పుస్తకమునకును తోకవలె ఒక ప్రశ్నాపత్రము. పాత్రల పేర్లు వ్రాయుము, కఠినపదములకు అర్థములు వ్రాయుము, నీతిని నాలుగు పంక్తులలో వ్రాయుము. కథ రుచి నాలుకకు తగులకముందే లెక్క అప్పగింపవలెను. సర్కారు బడి పిల్లలలో పెక్కుమందికి ఆ పట్టికయు లేదు, పుస్తకమును లేదు. ఒకరికి అజీర్ణము, మఱియొకరికి ఆకలి. రెండును పఠనాభిరుచిని చంపునవే. మొదటిదానికి పఠనమని పేరిడుట చెల్లదు. అది వెట్టి. వెట్టిచాకిరి యన నేమో యెఱిగిన ఈ గడ్డమీద దానిని పసిబిడ్డలచేత చేయించుట మనకు సిగ్గుచేటు గాదా?

నేటి మిడిలు తరగతులనే నిజాము కాలమున మన పెద్దలు వస్తానియా యని పిలిచిరి. నాడు ఆ చదువు ఉర్దూలో సాగెను. తెలుగు బిడ్డకు ఇంట నొక భాష, బడిలో నొక భాష. అట్టి దినములలోనే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. ఆ మండలి మొట్టమొదట ప్రకటించిన గ్రంథ మేది? గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము! మాతృభాషాభిమాన మనగా నూతిలోని కప్పవలె నుండుట గాదనియు, లోకమునంతను తెలుగు వాకిటికి రప్పించుట యనియు వారు చేసి చూపిరి. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామిగారు సికిందరాబాదున దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, పుస్తకములను మోసికొని ఊరూర దిరిగి అమ్మిరి.

నాడు తెలుగు చదువునకు అడ్డు నిలిచినది దొరతనము. నేడు అడ్డు నిలిచినవా రెవరు? ఏ ఫర్మానా జారీ యైనది? 2018లో తెలంగాణ శాసనసభ పాఠశాలలలో తెలుగును విధిగా బోధింపవలెనని చట్టమే చేసినది గదా! ఎవరును తఱుమకయే వేసవి పట్టికనుండి మన భాషను మనమే వెడలగొట్టుచున్నాము.

ఆంగ్లము బ్రతుకుదెరువు చూపును గదా యందురు. మేము కాదనము. న్యాయస్థానములలో ఆ భాషతోనే మేమును జీవనము గడుపుచున్నాము. పట్టికలో రెండు ఆంగ్ల పుస్తకము లుండనిండు. కాని చదువు అలవాటు కుదురుట యొకటి, భాష నేర్చుట మఱియొకటి. పంక్తికి మూడుమారులు నిఘంటువును తెఱువవలసిన పుస్తకముతో అలవాటు కుదురదు. అమ్మ మాటలో కథవెంట పరుగెత్తిన బాలుడు, రేపు పరభాషలోను పరుగెత్తగలడు. నడకయే రానివానికి పరుగు నేర్పుట యెట్లు?

తెలుగున పిల్లల పుస్తకము లెక్కడివి యని మఱికొందఱందురు. వెదకనివారి ప్రశ్న యిది. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకములను తెలుగునను ప్రకటించుచున్నది. సికిందరాబాదులోని మంచి పుస్తకమువారు ఈ పనియే వ్రతముగా బూనిరి. ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగును చదివి నవ్వని ఆరవ తరగతి బాలు డుండునా? జపానుదేశమున రైలుపెట్టెలలో నడచిన బడి కథ తెలుగున ‘రైలుబడి’గా దొరకుచున్నది. రైలుకూత వినుచు పెరిగిన మేడ్చలు పిల్లలకు అంతకంటె తగిన పుస్తక మేది? 1924లో వెలసిన మొక్కపాటివారి బారిష్టరు పార్వతీశము ఎనిమిదవ తరగతివారికి సీమప్రయాణమును చూపును. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రనుండి ఆటలను గూర్చిన పుటలను ఇంటిపెద్దలు చదివి వినిపింపవచ్చును. శామీరుపేట చెరువును, జింకలవనమును ఎఱిగిన పిల్లలకు పక్షులను, చెట్లను గూర్చిన పుస్తకము కావలెను. 2021లో దేశమునకు కోవిడు టీకా నందించిన జీనోం వాలీ వారి పొరుగుననే యున్నది. కావున టీకాల కథ చెప్పు విజ్ఞానపుస్తకము ఒక్కటియైన నుండవలెను.

ఇందొక ధర్మము గలదు. పారిశ్రామికవాడలలో పనికై బీహారు, ఒడిశాలనుండి వచ్చినవారి బిడ్డలు నేడు మన బడులలో కూర్చుండుచున్నారు. ఉర్దూ మాటాడు ఇండ్ల బిడ్డలు ఎప్పటినుండియో మనవారే. వారి పట్టికలో హిందీ, ఒడియా, ఉర్దూ పుస్తకము లుండవలెను. నాడు మనకు జరిగిన అన్యాయమును నేడు మన చేతులతో వారికి చేయరాదు.

పుస్తకము నెన్నుకొనుట బ్రహ్మవిద్య గాదు. పది పుస్తకములు బాలుని ముందుంచి, ఒకదాని నడిమి పుటను తెఱచి బిగ్గరగా చదువు మనవలెను. పుటలో అయిదాఱు మాటలకంటె ఎక్కువ తెలియకున్న దానిని వచ్చు వేసవికి దాచవలెను. మిగిలినవానిలో మూడింటిని వాడే యేఱుకొనవలెను. మనకు నచ్చినది ఒక్కటి చేర్చుట మన హక్కు. నచ్చనిదానిని నడుమ విడుచుట వాని హక్కు. ప్రశ్నాపత్రము వలదు. రాత్రివేళ అరుగుమీద అవ్వకు కథ చెప్పిన చాలును. అంతకు మించిన పరీక్ష లేదు.

డబ్బెక్కడిదందురా? ఇచ్చట చట్టము మాట చెప్పవలసియున్నది. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్ను రూపాయి యొక్కింటికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్నును స్థానికసంస్థలు వసూలు చేయుచున్నవి. ఇల్లుగల ప్రతి గృహస్థుడును తన బిడ్డ పుస్తకమునకు ముందే మూల్యము చెల్లించియున్నాడు! ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలమున చేరుచున్నదా? చేరినదానిలో పిల్లల పుస్తకములకు వ్యయమైన దెంత? శాఖాగ్రంథాలయమునందు పిల్లలకొక బీరువా యున్నదా? ఉన్నచో దాని తాళపుచెవి యెవరియొద్ద నున్నది? ఉద్యోగపరీక్షలకు చదువు యువకులకు చోటిచ్చుట మంచిదే. కాని పన్నెండేండ్ల బాలిక గడప దాటి లోనికి రాజాలని గ్రంథాలయము సగము గ్రంథాలయమే.

పాఠశాలాధికారులారా! పట్టికను అంగడివానికి వదలకుడు. సగమైన ఇంటిభాషలోని పుస్తకములు చేర్పుడు. ప్రశ్నాపత్రములను చించివేయుడు. గ్రంథాలయాధికారులారా! సెలవుల యేడు వారములును ఉదయము రెండుగంటలు పిల్లలకే కేటాయింపుడు, పుస్తకములను ఇండ్లకు ఇండు. తల్లిదండ్రులారా! ఈ వారముననే పన్ను రసీదును చేతబట్టుకొని, బిడ్డను వెంటబెట్టుకొని గ్రంథాలయమునకు పొండు. బీరువా తెఱువు మని యడుగుడు. ఇది యాచన గాదు, మన సొమ్మునకు లెక్క యడుగుట. ఆళ్వారుస్వామిగారు పుస్తకములను మోసికొని మన గుమ్మమునకు వచ్చిరి. మనము పుస్తకమున్న గుమ్మమువఱకైన నడువలేమా?