బాణం ఎర్రబడిందట!

“డేటా లేని మాట ఒట్టి అభిప్రాయం. అభిప్రాయాలు ఇంటి దగ్గర చెప్పుకోండి, వ్యాపారంలో కాదు.”

ఈ మధ్య విజయవాడలో బట్టల వ్యాపారుల సమావేశంలో ఒక కన్సల్టెంటు బాబు సెలవిచ్చిన మాట ఇది. ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లు చీర అంచు రెండు వేళ్ల మధ్య నలిపి ఏ ఊరి మగ్గమో చెప్పగలిగినవాళ్లు. వాళ్లూ బుద్ధిగా తలలాడించారు. ఆ కుర్రాడి మాట కన్నా వీళ్ల తలాడింపే నాకు ఒళ్లు మండించింది. నలభై ఏళ్లు కొట్టు నడిపి, పిల్లల్ని చదివించి, ఇళ్లు కట్టి, ఇప్పుడు తమకి తెలిసిందంతా ఒట్టి అభిప్రాయమని ఒప్పేసుకున్నారు. పైగా మధ్యాహ్నం భోజనాల దగ్గర అతని విజిటింగ్ కార్డు కోసం ఎగబడ్డారు.

అతను తెర మీద చూపించింది డ్యాష్‌బోర్డు. ఓ గుండ్రటి బొమ్మ, కొన్ని రంగు కడ్డీలు, పైన నాలుగు పెద్ద అంకెలు, అంకె పక్కన బాణం. పెరిగితే పచ్చన, తగ్గితే ఎర్రన. ఇక మీరు కొట్టు తిరగక్కర్లేదు, ఫోన్లో చూసి నిర్ణయం తీసుకోవచ్చన్నాడు. నమూనాకి పెట్టిన లెక్కలో 2024 మే నెల పట్టుచీరల అమ్మకం పక్కన బాణం ఎర్రగా కిందికి దిగి ఉంది. 2023 మేతో పోలిస్తే పడిపోయిందట. కారణం కస్టమర్ ఎంగేజ్‌మెంట్ తగ్గడమట. మందు డిస్కౌంటట.

నాయనా, 2024 మే, జూన్ నెలల్లో శుక్ర మూఢం. అది చాలక గురు మూఢం. పెళ్లి ముహూర్తాలే లేవు. ఫంక్షన్ హాళ్లు తాళాలు వేసుకున్నాయి, బ్యాండు మేళం వాళ్లు ఖాళీగా కూర్చున్నారు. ముహూర్తం లేని నెలలో పట్టుచీర మీద డిస్కౌంటు ఇస్తే కొనేదెవరు? ఎటూ కొనేవాళ్లే ఆ తగ్గింపు ధరకి కొనుక్కుని పోతారు, అంతే. 2023లో శ్రావణం రెండు నెలలొచ్చింది. జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధికమాసం, ఆ తర్వాతే నిజ శ్రావణం. వరలక్ష్మీ వ్రతం ఆ ఏడు ఆగస్టు 25న పడింది, 2024లో 16న, 2025లో 8న. బట్టల కొట్టుకి ఈ తేదీలు ప్రాణం. ఇంగ్లీషు నెలని ఇంగ్లీషు నెల పక్కన పెట్టి బాణం గీసే పెట్టెకి ఇదేం తెలుస్తుంది? పంచాంగం కూడా డేటాయే కదండీ, అదీ ఎక్కించవచ్చు అంటారు. ఎక్కించండి మరి! ఎక్కించినవాణ్ణి నేనింకా చూడలేదు.

డేటా అబద్ధం చెప్పదన్నది ఈ కన్సల్టెంట్ల రెండో మంత్రం. దానికి జవాబు చెప్పడం కూడా దండగ. పెట్టెలోకి అంకె ఎక్కించేది మనిషి.

అసలు సంగతికి వస్తాను. పెళ్లి బట్టలకి వచ్చే కుటుంబాన్ని ఎప్పుడైనా దగ్గరుండి చూశారా? రెండు ఆటోల్లోంచి ఏడెనిమిది మంది దిగుతారు. మొదట అడిగేది పెళ్లికూతురి చీర కాదు. “పెట్టుబడి చీరలు ఎక్కడ బాబూ?” అంటుంది పెద్దావిడ. ఆడపడుచులకి, పిన్నులకి, మేనత్తలకి, వియ్యాలవారి తరఫు వాళ్లకి, వంటావిడకి, పనిమనిషికి, తలా ఒకటి. జాబితా ఆవిడ పర్సులో నాలుగు మడతలు పెట్టి ఉంటుంది. పరుపు మీద తెల్ల దుప్పటి, దాని మీద కట్టలు విప్పి పోస్తాడు సేల్స్‌మన్. ఆవిడ ఒకదాన్ని తీసి పక్కన పెడుతుంది, మళ్లీ కట్టలో కలిపేస్తుంది, ఇందాకటి ఆకుపచ్చది ఏదంటుంది. ఈ రంగు మా చిన్నాడపడుచు కట్టదంటుంది. గంటన్నర గడుస్తుంది. కొట్టుకి మిగిలేది చీరకి పదో పాతికో. కానీ ఆ గంటన్నరా ఆవిడ చూసేది చీరల్ని మాత్రమే కాదు, సేల్స్‌మన్‌ని కూడా. విసుక్కుంటున్నాడా, అడక్కుండానే ఇంకో కట్ట దించుతున్నాడా, రంగు పోతుందా అంటే నిజం చెబుతున్నాడా? మనసుకి నచ్చితే అప్పుడంటుంది, “సరే నాయనా, ఇక పెళ్లికూతురి చీరలు చూపించు” అని. కొట్టుకి ఆ నెల అద్దె వచ్చేది అక్కడ.

నాకు బాగా తెలిసిన ఒక కొట్లో ఈ పెట్టుబడి చీరల పక్కన ఎర్ర బాణం పడింది. మార్జిన్ తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ, ఒక్కో బిల్లుకి పట్టే సమయం మరీ ఎక్కువ. అంకెల్లో తప్పేమీ లేదు, అన్నీ నిజాలే. పెద్దాయన వద్దంటున్నా ఎంబీయే చదివొచ్చిన అబ్బాయిగారు ఆ సరుకు సగానికి తగ్గించి మూడో అంతస్తుకి ఎక్కించారు. సేల్స్‌మన్‌లకి గంటకింత అమ్మాలని స్కోరు పెట్టారు. ఇక చూడండి, రెండు ఆటోల జనం దిగడం కనపడగానే తెలివైన సేల్స్‌మన్ టీకి వెళ్లిపోయేవాడు! ఎందుకు పోడు? గంటన్నర వాళ్ల దగ్గర కూర్చుంటే అతని బాణం ఎర్రబడుతుంది. ఆర్నెల్లు తిరిగేసరికి పట్టుచీరల బాణం కూడా ఎర్రబడింది. డ్యాష్‌బోర్డు దీని మీద ఇచ్చిన తీర్పు, పట్టుచీరలకి గిరాకీ తగ్గుతోందని. పక్క వీధిలో పాతకాలపు కొట్టు ముందు ఆటోలు ఆగడానికి చోటు లేదు.

పెట్టెకి తెలిసింది బిల్లు ఒక్కటే. అడిగి, లేదనిపించుకుని మెట్లు దిగి వెళ్లిపోయిన మనిషికి బిల్లుండదు. 44 సైజు చొక్కాలు అయిపోయి పది రోజులైంది. పది రోజులూ అమ్మకం సున్నా. సున్నా కాబట్టి గిరాకీ లేదని తీర్మానం. గిరాకీ లేదు కాబట్టి తెప్పించరు. లావుపాటి మనుషులంతా ఊరొదిలి పోయారని అబ్బాయిగారు నమ్ముతారు. “ఆ సైజు రోజుకి నలుగురు అడుగుతున్నారు సార్” అని కౌంటర్ దగ్గరి కుర్రాడు చెబితే, అది అభిప్రాయం.

ఇవి చిల్లర కొట్ల బాధలు, పెద్ద కంపెనీలకి ఉండవు అనేవాళ్లు కెనడా వైపు చూడాలి. అమెరికా దిగ్గజం టార్గెట్ 2013లో అక్కడ దుకాణాలు తెరిచి, రెండేళ్లు నిండకముందే, 2015 జనవరిలో, మూసేస్తున్నామని చెప్పింది. 133 దుకాణాలు. పదిహేడు వేలకు పైగా ఉద్యోగాలు. సరుకుల కొలతలు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడే తప్పులు దొర్లాయి, సెంటీమీటర్లు ఉండాల్సిన చోట అంగుళాలు పడ్డాయి. గోదాముల్లో సరుకు కిక్కిరిసింది, దుకాణాల్లో అరలు బోసిపోయాయి. ఇంతవరకూ పొరపాటు అనుకోవచ్చు. దీని తర్వాత అక్కడి పత్రికలో వచ్చిన సంగతి ఇంకా గొప్పది. సరుకు అయిపోయిన ఐటెమ్‌ల లెక్క తమ నెత్తిన పడకుండా కొందరు అనలిస్టులు ఆ ఐటెమ్‌కి ఆర్డరు దానంతటదే వెళ్లే మీటని ఆపేశారట. మీట ఆపితే సరుకు లేనట్టు లెక్కలోకి రాదు. అర ఖాళీ, తెర పచ్చన! ఎర్ర బాణానికి భయపడే మనిషి చేసే పని ఎక్కడైనా ఇదే.

వెల్స్ ఫార్గో బ్యాంకు కథ ఇంకా ఘోరం. ఒక్కో ఖాతాదారుడికి ఎనిమిది పథకాలు అంటగట్టాలని పైవాళ్లు రోజూ అంకెలు అడిగితే, కిందివాళ్లు అడగని జనం పేర్ల మీద దొంగ ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అంతకుముందు కొన్నేళ్లలో 5,300 మందిని పనిలోంచి తీసేశారు. అనుమానపు ఖాతాలు 35 లక్షల దాకా ఉండొచ్చని తర్వాత తేలింది. అన్నేళ్లూ బోర్డు మీద బాణాలు చక్కగా పైకే చూశాయి.

సర్కారు వాళ్లకీ ఈ జబ్బు పట్టింది. ఆంధ్రాలో బడి పంతుళ్లు పొద్దున్నే మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టాల్సి వచ్చింది, తెలుసుగా? పాఠం చెప్పారా లేదా అన్నది ఫొటోలో పడదు, దొడ్డి పడుతుంది. అది వేరే వ్యాసం, మరోసారి రాస్తాను.

ఎంత చెప్పినా చివరికి అమెజాన్‌ని చూడండి అంటారు. అమెజాన్ కొట్టే తెర మీద ఉంది, కొనేవాడి వేలు ఎక్కడ ఆగిందో దానికి కనపడుతుంది. మన కొట్టు పరుపు మీద ఉంది. పోనీ, ఆ అమెజాన్ బెజోస్ ఏం చెప్పుకున్నాడో వినండి. కస్టమర్ ఫోన్ చేస్తే నిమిషం లోపే ఎత్తుతున్నామని లెక్కలు చెబుతున్నాయట, జనమేమో ఎంతసేపటికీ ఎత్తడం లేదని గోల. ఆయన మీటింగు మధ్యలోనే తమ నంబరుకి తనే ఫోన్ చేశాడు. పది నిమిషాలకు పైగా అందరూ నోరు మూసుకుని కూర్చోవాల్సి వచ్చింది. లెక్కకీ జనం చెప్పే మాటకీ పొత్తు కుదరనప్పుడు సాధారణంగా జనం మాటే నిజమవుతుందని బాహాటంగా అన్నవాడు ఆయన. మన కన్సల్టెంటు బాబులు ఆయన బొమ్మని మొదటి స్లైడులో పెడతారు, ఈ మాట మాత్రం ఏ స్లైడులోనూ పెట్టరు. పెడితే డ్యాష్‌బోర్డుకి నెలనెలా మనిషికింత అని వసూలు చేసే చందా ఏమవుతుంది?

మరి లెక్కలు మానేయమంటావా అని నిలదీస్తారు. ఎవరన్నారు? మన కోమట్లు చిట్టా ఆవర్జాలు రాసినంత శ్రద్ధగా ఈ పెట్టెలు రాస్తాయా? సాయంత్రం గల్లాపెట్టె లెక్క చూసుకోని షావుకారు ఎవరు? బాణం రంగు చూసి సరుకు తీసేయొద్దు, మనిషిని తీసేయొద్దు అంటున్నాను, అంతే. అబ్బాయిగారు వారానికో పూట ఫోను జేబులో పెట్టుకుని కౌంటర్ వెనక నిలబడాలి. గుమ్మం దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి, ఏది అడిగితే లేదన్నామో రాయాలి. నలభై కొట్లున్న గొలుసు దుకాణాలకి ఇది ఎలా కుదురుతుందంటారా, అది వాళ్ల తలనొప్పి, నేను దుకాణాల గొలుసు నడపడం లేదు. నెలాఖరు మీటింగులో తెర ఆపేసి, ముందు సేల్స్‌మన్‌లని మాట్లాడనివ్వాలి. ఆ పూట వాళ్ల గంటల స్కోరు లెక్క కట్టకండి, ఇన్సెంటివ్ కోయకండి. కోశారంటే వాళ్లు కూడా మీ తెర మీద ఉన్నదే మీకు చదివి వినిపించి టీకి వెళ్లిపోతారు.