కారు మెఱుగు, ప్రచారచిత్రము

ఈ మాసమున మేము వ్రాయబూనిన విషయము వంటయింటికి మిక్కిలి దూరమైనదని మీకు తోచవచ్చును. మా టేకులపల్లిలో నొక తల్లి మహిళాసంఘమున అప్పుదెచ్చి, కుమారునిచేత కారులకు మెఱుగుపెట్టు దుకాణము పెట్టించినది. దాని ప్రచారమునకై యొక నిమిషము వీడియో తీయదలచి, అందు పలుకవలసిన మాటలు వ్రాసి యిమ్మని తల్లీకొడుకులు మమ్మడిగిరి. పిల్లవాడు మా యింటివారియొద్ద చదువుకొన్నవాడు. చిత్రము తీయించునది కొడుకు, సెల్‌ఫోను పట్టుకొనునది చెల్లెలు, నెలనెలా సంఘమున వాయిదా కట్టునది తల్లి. ఇట్టి యిండ్లు నేడు ఊరూర నున్నవి గనుక ఇది మన విషయమే యని మా తలంపు.

కారు కడుగుట వేఱు, డీటెయిలింగు వేఱు. మా యూరు కొత్తగూడెమునుండి ఇల్లెందునకు పోవు త్రోవలో నున్నది. ఈ మండలముననే కోయగూడెము ఓపెన్‌కాస్టు బొగ్గుగని గలదు. బండ్లపై బొగ్గుధూళి పడును, వేసవిలో ఎఱ్ఱమన్ను పేరుకొనును, చెట్ల నీడను నిలిపినచో జిగురు కాఱును. ఆ ధూళిని పొడిగుడ్డతో తుడిచితిమా, ఆ రేణువులే గరుకుకాగితమువలె పైపూతను గీరివేయును. కావున పనితెలిసినవాడు ముందు నీటిధారతో ధూళిని విడిపించి, పిమ్మట షాంపూ నురుగుతో కడుగును. అతనియొద్ద రెండు బకెట్లుండును: ఒకటి షాంపూ నీళ్లకు, రెండవది మురికిగుడ్డ జాడించుటకు. ఒకే బకెట్టుతో కడిగెడివాడు మురికిని మరల కారుకే పూయుచున్నాడన్నమాట. తరువాత మెత్తని బంకవంటి ముద్దతో జిగురు తీసి, అవసరమైనచోట మాత్రమే పాలిష్ పట్టవలెను. అవసరమైనచోట మాత్రమే యని యేల యంటిమనగా, రంగుపైనుండు పారదర్శకమైన పూత సాధారణముగా తలవెండ్రుక మందమైనను ఉండదు. పాలిష్ పట్టినప్పుడెల్ల అందులో కొంత యరిగిపోవును. ఇత్తడిబిందెను ఇటుకపొడితో ఎన్ని యేండ్లు తోమినను బిందె మిగులును. ఈ పూత మిగులదు.

ఇక చిత్రము మాట. పట్టణమునుండి వీడియోలు తీయు యువకుడొకడు వచ్చి, తన యుపాయము చెప్పెను. కడుగకముందు కారును మిట్టమధ్యాహ్నపు టెండలో చూపవలెనట. పని ముగిసినపిమ్మట షెడ్డు నీడలో, పైన నీళ్లు చల్లి చూపవలెనట. ఇందలి కిటుకు వినుడు. సాలెగూడువలె చుట్టుకొన్న సన్నగీతలు సూటిగాపడు ఎండలోనో, ఒంటిదీపపు వెలుగులోనో మాత్రమే కనబడును. నీడకు తెచ్చినంతనే యవి మాయమగును. నీళ్లుగాని నూనెగాని ఆ గీతలలో నిండినచో మఱింత నునుపుగా తోచును. పాలిష్ పట్టకయే పట్టినట్లు చూపుట కింతకన్న సుళువైన మార్గము లేదు.

అంతేకాదు, సిరామిక్ కోటింగు వేసినచో కారుపై వజ్రమంత గట్టిదనము వచ్చుననియు, ఇక గీతపడదనియు చెప్పవలెనని యాతడు పట్టుబట్టెను. ఆ సీసాలపై '9హెచ్' అను గుర్తు ఉండును. అది పెన్సిలుతో గీచి పరీక్షించు కొలతయే కాని రత్నశాస్త్రపు కొలత గాదు. ఆ పూతవలన నీరు జాఱిపోవును, మురికి తేలికగా వదలును, నిగనిగ కొంతకాలము నిలుచును. ఇవి చిన్న మేళ్లు కావు. కాని బొగ్గులారీ చక్రమునుండి ఎగిరిన ఱాయిని అది ఆపజాలదు.

పిల్లవాడు సందిగ్ధపడెను. "అమ్మా, అందరు గట్లనే చెప్తరు. మనం నిజం చెప్తే చప్పగుంటది, ఎవరు చూస్తరు?" అని యడిగెను. ఆ ప్రశ్న తోసివేయదగినది గాదు. అప్పు నెత్తిమీద నున్నవానికి చప్పదనముకూడ భయమే. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము వస్తువునే గాక సేవను తప్పుగా వర్ణించు ప్రకటననుకూడ దోషమనుచున్నదని మా యింటివారు చెప్పిరి. మే మన్నది వేఱు. పట్టణములో నొకడు మోసపోయినచో మఱియొకడు వచ్చును. మాయూర కారులున్నవా రెందఱు? గనిలో పనిచేయువారు, భద్రాచలము యాత్రికులను తీసికొనిపోవు బాడుగబండ్లవారు, కొందఱు వర్తకులు. వారిలో నొకడు తన బండిని ఎండకు తెచ్చి చూచుకొని పెదవి విఱిచినచో, సాయంకాలమునకు టీకొట్టులన్నిట అదే మాట.

నిజము చప్పగానుండునన్న మాటను మేమొప్పుకొనము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించి, సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిరని ప్రసిద్ధి. నుదుట రాచుకొని చూచినవానికి వేఱు వర్ణన యెందుకు? కారును రాచుకొని చూడలేము గనుక, చూచువాని కన్నునే సాక్షిగా పెట్టవలసియుండెను.

అందుచే బానెట్టు నడుమ కాగితపుపట్టీ యంటించి, ఎడమసగము ముట్టక, కుడిసగమే మెఱుగుపెట్టించితిమి. మొదట నెచ్చట ఫోను నిలిపిరో, తుదికిని అచ్చటనే; అదే దీపము, అదే దూరము. ఒకే దీపము రెండుసగములపై పడగా, ఎడమవైపు గీతల వలయములు, కుడివైపు దీపపు ప్రతిబింబము అద్దములోవలె నిలిచినవి. పట్టీ లాగివేసిన క్షణమున పట్టణపు యువకుడే "బాగుంది" అనెను. ఆతనిని మేము చెడ్డవాడనము. వెలుగు సవరించుట, గాలిరొద వినబడకుండ మైకునకు నురుగుతొడుగు వేయుట ఆతడే నేర్పెను. సినిమాపాట పెట్టుదుమన్నప్పుడు మాత్రము హక్కుదారుల యనుమతి లేక వ్యాపారమునకు వాడరాదని వలదంటిమి. నీటిధార చప్పుడే చాలినది. కారు యజమాని యంగీకారము పొంది, నెంబరుపలక కప్పిరి.

ఆ కారు తలుపుపై లోతైన గీత యొకటి యుండెను. గోరు రాచినచో గోరు తట్టుకొనునంత గీత పాలిష్‌తో పోదు, రంగు వేయవలసినదే. దానిని చిత్రమున దాచవలదని పిల్లవాని తల్లియే అనినది. ఆమె చదువుకొన్నది తక్కువ. మేము వ్రాసియిచ్చిన గ్రంథపు మాటలు ఆమె నోట పలుకలేదు. తీసివేసి, ఆమెనే మాటాడుమంటిమి. ఆ గీతపై వ్రేలు పెట్టి ఆమె యిట్లు పలికినది: "ఇది మాతోని కాదు, పెయింటర్ దగ్గరికి పోవాలె. మిగిలింది చూడుండ్రి, అద్దమోలె చేసినం." వీడియో యంతటిలో మాకు నచ్చిన మాట యిదియే.

తుదిపలకపై చిన్నకారునకింత, పెద్దకారునకింత యని ధరలు వేఱువేఱుగా వ్రాసిరి. ధర దాచి ఫోను చేయుమనుట మా కిష్టములేదు. రెండవ వీడియో వానకాలపు బురదబండిపై తీయుదురట. అందు లంబాడీభాషలో చెప్పుటకు ప్రక్క తండాలోని కోడలొకతె యొప్పుకొన్నది. ఆమె భర్తది బాడుగకారు. మొదట తమ బండికే పట్టీ యంటింపవలెనని ఆమె నిబంధన.