పిల్లల పాస్‌పోర్టు తేదీ చూశారా?

ఒక వేసవిలో మేనల్లుడి పెళ్ళికని విజయవాడకి టిక్కెట్లు కొనేశాను. సల్వాలో మా ఇంట్లో పెట్టెలు సర్దుతుంటే మా అమ్మాయి తన పాస్‌పోర్టు తిరగేసి, "నాన్నా, నాది వచ్చే వారమే అయిపోతోంది!" అంది. నా గుండె జారింది.

పెద్దలకి పాస్‌పోర్టు 10 ఏళ్ళు, పిల్లలకి 5 ఏళ్ళే. మనం మన తేదీ గుర్తుపెట్టుకుని ధీమాగా ఉంటాం. పైగా కువైట్‌లో అకామా గడువు పాస్‌పోర్టు గడువు దాటదు. 2019లో అకామా స్టిక్కరు తీసేశాక పాస్‌పోర్టు తెరిచి చూసే అలవాటూ పోయింది.

రెన్యూవల్‌కి ఆన్‌లైన్‌లో ఫారం నింపి, ప్రింటు తీసి, అనెగ్జర్ డి మీద తల్లిదండ్రులిద్దరూ సంతకాలు పెట్టాలి. ఇంటిపేరు దగ్గర మనవాళ్ళు తరచూ తడబడతారు. స్కూలు సర్టిఫికెట్లో లాగా పొడి అక్షరం పనికిరాదు, పూర్తిగా రాయాలి. కొత్త పాస్‌పోర్టుకి నంబరు మారుతుంది కాబట్టి, అకామా రికార్డులోనూ ఆ నంబరు మార్పించుకోవాలి.

ఇవన్నీ చేయించి మేం ఊరు చేరేసరికి పెళ్ళి అయిపోయింది. ఫోటోల్లో మేం లేం.

పిల్లలూ, ఈ రాత్రే మీ పాస్‌పోర్టు తీసి, గడువు తేదీ అమ్మానాన్నలకి చదివి వినిపించండి.