కారుకు కంచె కట్టారు, రేషన్ కార్డుకు ఎందుకు కట్టలేదు?

సంగారెడ్డి జిల్లా కందిలో, హైదరాబాద్ ఐఐటీ ఆవరణలో టిహాన్ అనే పరీక్షా కేంద్రం ఉంది. డ్రైవర్ లేకుండా నడిచే బండ్లను, డ్రోన్లను పరీక్షించడానికి కేంద్ర ప్రభుత్వం రూ.130 కోట్లు పెట్టి దాన్ని కట్టించింది. 2022 జూలైలో ప్రారంభమైంది. బండి తప్పు చేస్తే జనానికి తగలకూడదని అక్కడ దానికోసం విడిగా రోడ్లు వేశారు. ఇందులో నాకు అభ్యంతరం లేదు. యంత్రాన్ని జనం మధ్యకు వదిలే ముందు ఇలాగే పరీక్షించాలి.

నా ప్రశ్న వేరే. అదే తెలంగాణలో ఎవరికి రేషన్ కార్డు ఉండాలో, ఎవరిది తీసేయాలో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాంకు ఇలాంటి కంచె ఎందుకు లేదు?

వాహనాల రిజిస్ట్రేషన్లు, ఆస్తిపన్ను, కరెంటు బిల్లుల వంటి వేర్వేరు శాఖల రికార్డులను కలిపి ఒక కుటుంబం పేదదా కాదా అని తేల్చేది సమగ్ర వేదిక. రికార్డులను కలపడంలో పేర్ల పోలిక కీలకం. ఒకే ఇంటిపేరున్న మాదిగవాడలో ఎంతమంది యాదగిరిలు, ఎంతమంది లక్ష్మమ్మలు ఉంటారో తెలిసినవాళ్లెవరూ పేరు కలిసిందని కార్డు తీసేయరు. కానీ యంత్రానికి వాడ తెలియదు. కారున్న పేరు, కూలికి పోయే పేరు ఒకటే అయితే కూలికి పోయేవారి బియ్యం ఆగిపోయింది. చివరికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకుంది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని ఆదేశించింది. అంటే పరీక్ష ముందు జరగలేదు. కార్డులు పోయాక, కోర్టు చెప్పాక జరిగింది.

కొత్త టెక్నాలజీని హద్దులు పెట్టి నిజజీవితంలో పరీక్షించే పద్ధతికి ఇప్పుడు రెగ్యులేటరీ శాండ్‌బాక్స్ అని పేరు. పిల్లలు ఆడుకునే ఇసుకగుంత అని అర్థం. గుంత దాటి ఇసుక బయటికి రాకూడదు. ఈ మాట మన దేశానికి కొత్తదేం కాదు. రిజర్వ్ బ్యాంక్ 2019లోనే ఆర్థిక సేవల కోసం ఇలాంటి చట్రం తెచ్చింది. ప్రయోగం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలి, ఎంతమంది కస్టమర్ల మీద చేయవచ్చు, కస్టమర్‌కు వచ్చే నష్టానికి పరిమితి ఎంత, ఇవన్నీ ముందే రాయాలంది. 2023 టెలికాం చట్టంలోనూ శాండ్‌బాక్స్‌కు చోటిచ్చారు. యూరప్ 2024లో చేసిన కృత్రిమ మేధ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. శాండ్‌బాక్స్ బయట, నిజ పరిస్థితుల్లో ప్రమాదకరమైన వ్యవస్థలను పరీక్షించాలంటే మామూలుగా ఆరు నెలలకు మించకూడదంది. విషయం వివరించి ఒప్పుకోలు తీసుకోవాలంది. ఒప్పుకున్న మనిషి ఏ కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చంది.

హద్దులు ఎలా గీయాలో పాలకులకు తెలుసని దీన్నిబట్టే అర్థమవుతోంది. మరి బ్యాంకు కస్టమర్‌కు గీసిన గీత రేషన్ షాపు ముందు ఎందుకు చెరిగిపోతోంది? ఒక సెమినార్‌లో ఈ మాటే అడిగాను. "సంక్షేమ పథకాల్లో ఉండేది కస్టమర్లు కాదు, లబ్ధిదారులు" అని జవాబొచ్చింది. అసలు సంగతి ఆ ఒక్క మాటలోనే ఉంది. కస్టమర్ ఒప్పుకోవాలి. లబ్ధిదారుడు తీసుకోవాలి, నోరు మూసుకోవాలి. ఒకరి మీద చేస్తే శాండ్‌బాక్స్, మరొకరి మీద చేస్తే పైలట్ ప్రాజెక్టు.

ఇది కంప్యూటర్లతో మొదలైన జబ్బు కాదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టును గుర్తుచేసుకోండి. వాళ్లలో చాలామంది ఆశ్రమ హాస్టళ్లలో చదువుకునే ఆదివాసీ పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో చోట్ల వార్డెన్లు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆగింది. జరిగిన మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ తేల్చింది. ఆ టీకా క్యాన్సర్‌ను అడ్డుకుంటుందనీ నాకు తెలుసు. కానీ టీకా మంచిదైనంత మాత్రాన సంతకం న్యాయమైనది కాదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఒప్పుకోలు తీసుకున్న తీరును గట్టిగా తప్పుబట్టింది. కార్పొరేట్ స్కూల్ పిల్లల విషయంలో వార్డెన్ సంతకంతో పని నడిచేదా?

ఉపాధి హామీ పనుల్లో 2021లో ఫోన్ యాప్‌తో ఫొటో హాజరు మొదలుపెట్టారు. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిచోట్లా తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేకపోతే ఫొటో ఎక్కదు, ఫొటో ఎక్కకపోతే మట్టి తవ్విన రోజు కూలి ఎగిరిపోతుంది. ఆ ఫిబ్రవరిలో కూలీలు ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నారు. ఆ పనుల్లో సగానికి పైగా ఆడవాళ్లు, మూడో వంతుకు పైగా దళితులు, ఆదివాసీలు. యాప్ తప్పు చేస్తే యాప్ చేసినవాడి జీతం కోశారా?

నాగపూర్, చండీగఢ్, పంచకుల వంటి చోట్ల పారిశుధ్య కార్మికుల చేతికి జీపీఎస్ గడియారాలు కట్టారు. ఎక్కడ నిలబడ్డారో, ఎంతసేపు కూర్చున్నారో పైనుంచి చూస్తారు. అదే కార్మికుడిని మ్యాన్‌హోల్‌లోకి దిగకుండా చేసే రోబో 2018లోనే కేరళలో తయారైంది. మనిషిని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోతే రూ.30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా చావులు ఆగలేదు. కాపాడే యంత్రం ప్రదర్శనల దగ్గరే ఆగుతోంది, కాపలా కాసే యంత్రం మాత్రం నేరుగా మణికట్టు మీదికి వస్తోంది. ఏ టెక్నాలజీ ఎవరి దగ్గరికి ఎంత తొందరగా వస్తుందో తేల్చేది సైన్స్ కాదు, కులం.

మీరు టెక్నాలజీకి వ్యతిరేకులా అని అడుగుతారు. అంబేడ్కరైట్‌ను అడగాల్సిన ప్రశ్న కాదది. గాంధీయిజాన్ని విమర్శిస్తూ యంత్రాల పక్షాన నిలబడ్డది బాబాసాహెబే. యంత్రం మనిషికి తీరిక ఇస్తుంది, తీరిక ఉంటేనే సంస్కృతి, చదువు సాధ్యమన్నది ఆయన వాదం. తప్పు యంత్రానిది కాదు, దాని లాభాన్ని కొందరికే కట్టబెట్టే సమాజానిదన్నారు. మేమూ అదే అంటున్నాం.

తప్పులు ఒకటి రెండు శాతమే కదా అని ఇంకొందరంటారు. లక్ష కుటుంబాల్లో ఒక శాతం అంటే వెయ్యి పొయ్యిలు. ఆ వెయ్యీ ఎప్పుడూ ఒకే వాడల్లో ఆరిపోతుంటే దాన్ని సాంకేతిక లోపం అనలేం.

అందుకే మా డిమాండ్లు సూటిగా ఉన్నాయి. బియ్యం, కూలి, పింఛను, చదువు, వైద్యంతో ముడిపడిన ఏ వ్యవస్థనైనా ముందు హద్దులున్న ప్రయోగంగానే నడపాలి. ప్రయోగం నడిచినన్నాళ్లూ పాత పద్ధతి పక్కనే ఉండాలి, యంత్రం కాదన్నంత మాత్రాన ఎవరి హక్కూ ఆగకూడదు. తప్పుకుంటానన్నవారికి శిక్ష ఉండకూడదు. నష్టపోయినవారికి పరిహారం కోర్టుకు వెళ్లకుండానే అందాలి. అనుమతిచ్చే కమిటీలో ఇంజినీర్లు, కంపెనీల ప్రతినిధులతో పాటు దళిత, ఆదివాసీ, పారిశుధ్య కార్మిక సంఘాలకూ ఓటు ఉండాలి. ఉపాధి హామీ లెక్కలను ఊరి మధ్య చదివి వినిపించే సోషల్ ఆడిట్‌ను దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మస్టర్ రోల్‌ను ప్రశ్నించిన ఆ గ్రామసభ అల్గారిథమ్‌ను కూడా ప్రశ్నించగలదు. దాని లెక్కను తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా అక్కడ చదవండి.

ఒక మనిషికి ఒకే విలువ అన్న సూత్రం ఓటు పెట్టెకే పరిమితం కాదు. కారును పరీక్షించేటప్పుడు దారిన పోయేవారి ప్రాణానికి ఇచ్చిన విలువను, ప్రోగ్రాంను పరీక్షించేటప్పుడు బియ్యం కోసం వరుసలో నిలబడ్డ అమ్మకూ ఇవ్వండి. అంతవరకు ఈ ప్రయోగాలకు మా ఒప్పుకోలు లేదు.

జై భీమ్.