కరెంటును కడవకు ఎత్తవచ్చునా?

బాలలూ! కుందూలో నీళ్లు పారేటప్పుడే చెరువు నింపుకుంటాం, చెరువు నుంచి ఇంటికి కడవ తెచ్చుకుంటాం. మరి కరెంటును ఇట్లా పట్టి ఉంచవచ్చునా?

తీగల్లో కరెంటు నిలవ ఉండదు. ఏ క్షణాన ఎంత వాడుతామో, ఆ క్షణాన అంతే పుట్టించాలి. మన కడప జిల్లా మైలవరంలో 250 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రం ఉంది. మిట్టమధ్యాహ్నం అక్కడ కరెంటు దండిగా పుడుతుంది. కాని పొద్దుగుంకి, మీరు దీపం వేసి పుస్తకం తీసే వేళకు ఏమీ రాదు. కనుక పగటి కరెంటును రాత్రికి దాచాలి.

ఇందుకు పెద్ద చెరువువంటి ఏర్పాటు ఒకటి ఉంది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు 6 అమర్చారు. నీరు కిందికి పడేటప్పుడు అవి కరెంటు పుట్టిస్తాయి. కరెంటు మిగిలినప్పుడు వెనక్కు తిరిగి నీటిని పైకి తోడేటట్లు కూడా వాటిని నిర్మించారు. పైకెక్కిన నీరే దాచిన కరెంటు!

అయితే, ఊరికి వచ్చే తీగ గాలివానకు తెగితే? శ్రీశైలంలో ఎంత నిలవ ఉన్నా రాజుపాలెంలో చీకటే. చెరువు నిండుగా ఉన్నా, ఇంట్లో కడవ ఖాళీ అయితే అర్ధరాత్రి దాహం తీరదు గదా! అందుకే వాడుకునే చోటికి దగ్గరగా బాటరీలు పెడుతున్నారు. 2025లో దక్షిణ ఢిల్లీలోని కిలోక్రి సబ్‌స్టేషనులో 20 మెగావాట్ల బాటరీ పెట్టారు. అది నిండుగా ఉంటే అంత కరెంటును 2 గంటలు ఇవ్వగలదు. సాయంకాలం ఇంటింటా దీపాలు, ఫ్యాన్లు ఒక్కసారిగా వేసినప్పుడు ఇటువంటి బాటరీ తీగల మీద, ట్రాన్స్‌ఫార్మర్ల మీద బరువు తగ్గిస్తుంది. తగిన ఏర్పాటు ఉంటే, బయటి తీగ తెగినా ఆసుపత్రిలో టీకామందుల పెట్టె చల్లగానే ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రాణం సంగతి ఉంది. తీగ తెగితే లైన్‌మన్ స్తంభమెక్కుతాడు. ఆ వేళ ఒక ఇంటి బాటరీ కరెంటు వీధి తీగలోకి ఎదురు పారితే ఏమవుతుంది? ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనక్కు వెళ్లి, 230 వోల్టులది వేల వోల్టులు కాగలదు! కనుక సరఫరా పోగానే ఇంటిని వీధి తీగ నుంచి విడదీసే సాధనం తప్పక ఉండాలి. ఇన్వర్టరు పెట్టించేటప్పుడు ఈ సంగతి అడగమని మీ పెద్దలకు చెప్పండి.

ఇక మీకొక లెక్క. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బాటరీ ఉంది. రెండింటినీ హెచ్చవేస్తే 1,800 వాట్-గంటలు. అందులో సగమే వాడితే 9 వాట్ల దీపం, 36 వాట్ల ఫ్యాను కలిసి ఎన్ని గంటలు నడుస్తాయి? మధ్యలో పోయే నష్టాన్ని విడిచిపెట్టి లెక్క వేయండి.