రోడ్డుకా... ట్రాక్‌కా?

రోజూ చీరాల నుంచి బాపట్లకో ఒంగోలుకో తిరిగే కారు. ఏడాదికి ఒకట్రెండుసార్లు మాత్రం చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ ఎక్కుతుంది. ఈ సరదా ఉన్నవాళ్లకు వచ్చే మొదటి సందేహం... ఏ షాక్ అబ్జార్బర్లు వేయించాలి?

నిజానికి కారు బరువు మోసేవి స్ప్రింగులు. అవి అదేపనిగా ఊగకుండా ఆపేవి షాక్‌లు. లోపలి నూనె సన్నని రంధ్రాల్లోంచి దూరేటప్పుడు ఆ ఊపు వేడిగా మారిపోతుంది. 3.7 కిలోమీటర్ల ట్రాక్‌మీద వరసగా చుట్లు కొడితే నూనె కాగి, నురగకట్టి షాక్‌ల పట్టు సడలుతుంది. మోనోట్యూబ్ రకంలో నైట్రోజన్ వాయువునీ నూనెనీ ఓ పిస్టన్ కలవనివ్వదు. అందుకే అవి వేడికి బాగా తట్టుకుంటాయి.

అలాగని మరీ గట్టివి వేయిస్తే అసలుకే మోసం. గతుకుల్లో టైరు నేలను వదిలి ఎగురుతుంది. అప్పుడు బ్రేకు తొక్కినా కారు సరిగా ఆగదు. వెనక సీట్లో పిల్లలూ పెద్దవాళ్లూ కూర్చునేది ఆ రోడ్డుమీదే! ఎత్తు తగ్గిస్తే స్పీడ్ బ్రేకర్ల దగ్గర అడుగుభాగం గీసుకుపోతుంది కూడా.

కాబట్టి ఎత్తు మార్చకుండా, కంపెనీ స్ప్రింగులకు సరిపోయే మోనోట్యూబ్‌లు మేలు. గట్టిదనాన్ని తగ్గించి పెంచుకునే మర ఉంటే మరీ మంచిది. ట్రాక్‌మీద కాస్త బిగించి, ఇంటికి బయల్దేరేముందు మళ్లీ వదులు చేసుకోవచ్చు. మార్చేటప్పుడు ఎడమా కుడీ జతగానే మార్చాలి. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊరు కదా... కడ్డీ తుప్పుపట్టిందా, నూనె కారుతోందా అన్నదీ తరచూ చూసుకోవాలి.

ట్రాక్‌ది ఏడాదిలో రెండురోజులు. మిగతా 363 రోజులూ రోడ్డువే. ఎంపికా ఆ లెక్కనే ఉండాలి!