పెదవిలో గడ్డ: ఆ ముక్కను పారవేయకండి

పెదవిలో బఠాణీ గింజంత గడ్డ. నొప్పి లేదు, పుండు లేదు. “ఉత్త నీటితిత్తి” అని కోసి, ఆ ముక్కను చెత్తబుట్టలో వేసే అలవాటు మన వైద్యులలో ఇంకా ఉంది. తొలినాళ్ళలో నేనూ అలా వేసినవాణ్ణే. అందుకే చెబుతున్నాను, అది క్షమించరాని నిర్లక్ష్యం.

క్రింది పెదవిలోని గడ్డలు చాలావరకు లాలాజలపు తిత్తులే. పై పెదవిలో అవి అరుదు. అక్కడ చేతికి గట్టిగా తగిలే గడ్డను కణితిగానే అనుమానించాలి. అది నిరపాయకరమైనదీ కావచ్చు. తేల్చవలసింది మాత్రం సూక్ష్మదర్శిని, మన అనుభవం కాదు. చిన్న లాలాజల గ్రంథులలో పుట్టే అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా నెమ్మదిగా పెరుగుతుంది, నరాల వెంట పాకుతుంది, 10 ఏళ్ళు దాటాక కూడా ఊపిరితిత్తులలో బయటపడగలదు. “నేను పొగాకు ముట్టను” అన్న ధీమా దీని ముందు చెల్లదు.

“బయాప్సీ రోగికి అదనపు ఖర్చు కదా” అంటారు. సగం తీసి వదిలిన కణితికి మళ్ళీ శస్త్రచికిత్స, ఆపై రేడియేషన్: ఆ ఖర్చు ఎవరిది? రోగనిర్ధారణ ముందు జరిగితే, అంచులలో కణితి మిగలకుండా ఒకేసారి తొలగించే అవకాశం ఉంటుంది. ఏళ్ళ తరబడి పరీక్షలు అవసరమని రోగికీ తెలుస్తుంది.

పాఠకులారా, గడ్డ తీయించుకున్న రోజున ఒక్క మాట అడగండి: “పాథాలజీ రిపోర్టు ఎప్పుడిస్తారు?” అడగడం మీ హక్కు, ఇవ్వడం మా ధర్మం.